మేపుల్ చెట్టుకు కట్టిన మోకు

మా అమ్మాయి మేఘన ఈ మార్చి నెలలో ఒక జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. కెనడా, అమెరికా రెండూ కలుపుకొని, వసంతకాలంలో బట్టలు సర్దుకుని మరీ వెళ్లి చూడదగ్గ పండుగలన్నీ అందులో వరసగా ఉన్నాయి. వాషింగ్టన్‌లో చెర్రీ పూలు, వాంకూవర్‌లో చెర్రీ పూలు, మేముండే కెనడా రాజధానిలో తులిప్పులు, ఎక్కడో సముద్రం ఒడ్డున గాలిపటాలు, ఇంకెక్కడో లిలాక్ పూలు. ప్రతి దాని పక్కనా చిన్న గడి గీసి ఉంది, వెళ్లొచ్చాక టిక్కు పెట్టుకోవడానికి. నేను పెన్ను తీసుకుని గడులన్నిటిలోనూ టిక్కులు పెట్టేశాను. అవన్నీ నేను చూసినవే మరి. వాషింగ్టన్‌లో నాకు పార్కింగ్ దొరికేసరికి పూలు రాలి, ఆకులొచ్చి, ఆ ఆకులు కూడా పండి రాలుతున్నాయి. తులిప్పుల పండుగలో లెక్కలేనన్ని పూలుంటాయని అందరూ అంటారు గానీ, నేను ఓపిగ్గా కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి తక్కువైంది. చూస్తే అది మా ఆవిడ జడలో ఉంది. గాలిపటాల పండుగలో ఎవరిదో దారం కాసేపు పట్టుకున్న పాపానికి పక్క రాష్ట్రంలో దిగాను. ఇవన్నీ చెబితే మేఘన, "డాడ్, ప్లీజ్. దిస్ ఈజ్ ఎ సీరియస్ లిస్ట్," అని ఇంకో కాగితం తీసి మళ్లీ రాసుకుంది. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. మిగిలిన సగంలోంచి మా అమ్మాయి ఇంకో సగం తీసేస్తుంది. ఈ తీసివేతలన్నీ పోను నేను ఈ ఇంట్లో పావు మనిషిగా బతుకుతున్నాను.

ఆ వారంలోనే వాంకూవర్‌లో ఉండే యాదగిరి మా ఇంటికి వచ్చాడు. నేనూ వాడూ ఈ దేశంలో ఒకే చలికాలంలో దిగి, ఒకే దుప్పటి కప్పుకుని మొదటి మూడేళ్లు గడిపిన వాళ్లం. రెండు నెలల కిందట వాళ్ల నాన్న నర్సయ్య గారు నల్లగొండ పక్కన వాళ్ల ఊళ్లో పోయారు. ఆ కార్యక్రమాలన్నీ ముగించుకుని వస్తూ, వాడు తిన్నగా తన ఇంటికి వెళ్లకుండా నార్త్ యార్క్‌లో మా కాండోకి వచ్చాడు. టీ తాగుతూ ఫ్రిజ్ మీది జాబితా అంతా చదివి, "దీంట్ల ఒకటి తక్కువున్నది బిడ్డా," అన్నాడు మేఘనతో. జేబులోంచి రుమాలు మూట తీసి విప్పి బల్ల మీద పెట్టాడు. వేలెడంత ఇనుప గొట్టం. ఒక చివర సన్నగా, రెండో చివర చిన్న కాలువలా చెక్కి ఉంది. కింద ఒక కొక్కెం. అక్కడక్కడా తుప్పు పట్టింది.

"వాట్ ఈజ్ దిస్ అంకుల్? ప్లంబింగ్?" అంది మేఘన.

"అవ్ బిడ్డా. చెట్లకు ఏసే నల్లా," అన్నాడు వాడు. నా వైపు తిరిగి, "ఇంట్ల మోకు తగిలేసే కొయ్యకు ఇన్నేండ్లు దీన్ని తగిలేసి పెట్టుకున్నడు రా నాయిన. రోజు పొద్దుగాల్నే తుడిశేటోడంట. నేనే గుంజుకున్న రా ఆయన పనిని ఆయన చేతులకెళ్లి. ఆ రోజు నేనట్ల చిన్నపోరని లెక్క ఏడ్వకపోతే ఆయన దిగకపోయేటోడు, మోకు ఇచ్చెయ్యకపోయేటోడు. ఇంక ఇరవై ఏండ్లు కొయ్యకున్న ఇనుపముక్క చూసుకుంట కూసున్నడు," అన్నాడు. ఆ తర్వాత టీ కప్పులోకి చూస్తూ, "ఆ మోకు ఇంకా ఆడ ఉంటదంటవా?" అని అడిగాడు.

నేను వాడి కప్పులో ఇంకాస్త టీ పోశాను. ఏ విషయం మీదైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడగల నోరు ఆ ఒక్క విషయం మీద ఇరవై ఏళ్లుగా కుట్టేసి ఉంది. ఎందుకంటే ఆ రోజు ఆ చెట్టు కింద నర్సయ్య గారు నాకొక మాట చెప్పి, దాన్ని యాదగిరికి చెప్పొద్దన్నారు.

అప్పట్లో మేం కిచెనర్‌లో ఒక ఇంటి బేస్‌మెంటులో ఉండేవాళ్లం. ఆ గదికి నా అంచనా ప్రకారం అగ్గిపెట్టెకున్నంత వైశాల్యం ఉండేది. ఒకడు పొయ్యి దగ్గర పోపు వేస్తే రెండోవాడు మంచం మీద పడుకునే తుమ్మేవాడు. హీటరు గొట్టం పైకప్పులోంచి వచ్చి గది మధ్యలో ఆగేది, దాని కింద ఎప్పుడూ మా సాక్సులు వరసగా వేలాడుతుండేవి. ఒకే ఒక్క కిటికీ. అది గది లోపలి నుంచి చూస్తే నెత్తి మీద ఉండేది, బయట నుంచి చూస్తే నేల మీద. ఆ కిటికీలోంచి మాకు మంచు, దాని మీద నడిచిపోయే బూట్లు తప్ప కెనడా కనిపించేది కాదు. రెండేళ్లు నేను ఈ దేశాన్ని చీలమండల దాకానే చూశాను.

అలాంటి గదిలోకి యాదగిరి వాళ్ల నాన్నను విజిటర్ వీసా మీద తీసుకొచ్చాడు, అదీ నవంబరులో. నర్సయ్య గారు గీత పనివారు. పదిహేనో ఏట నుంచి అరవై ఎనిమిదో ఏట దాకా రోజుకు మూడు పూటలా తాటిచెట్లు ఎక్కి కల్లు దించిన మనిషి. రెండేళ్ల కిందట చెట్టు మీంచి జారి పడితే తుంటి ఎముక విరిగి లోపల రాడ్డు వేశారు. కర్ర పట్టుకుని నడవమని డాక్టరు చెబితే, ఈయన నెల తిరక్కుండా ఆ కర్రను పొయ్యిలో పెట్టి మళ్లీ చెట్టెక్కారు. యాదగిరి తాత చెట్టు మీంచి పడే పోయాడు. పెదనాన్న కూడా అంతే. "మా ఇంట్ల మొగోడు ఎవ్వడు నేల మీద పోలేదు రా," అనేవాడు వాడు. అందుకే చెట్లు లేని చోటికి తీసుకొచ్చి తండ్రిని దాచుకుందామనుకున్నాడు. వాడి భూగోళ జ్ఞానం అలాంటిది. ప్రపంచంలో చెట్లు ఎక్కువున్న దేశాల్లో ఒకదానికి తీసుకొచ్చాడు.

నర్సయ్య గారు వస్తూ వస్తూ పెట్టెలో రెండు పంచెలు, ఒక రుమాలు, మోకు పెట్టుకొచ్చారు. మోకు అంటే నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకుని, దాని ఆధారంతో పైకి ఎక్కే లావుపాటి తాడు. ఆ పెట్టె తెరిచిన ఎయిర్‌పోర్ట్ అధికారికి కొండచిలువ కనిపించిందని నా నమ్మకం. నలుగురు అధికారులు, రెండు కుక్కలు చుట్టూ చేరాయి. కుక్కలు దాన్ని వాసన చూసి గౌరవంగా వెనక్కి తగ్గాయి. ఇదెందుకని అడిగితే, పెద్దాయన తెలుగులోనే వివరిస్తూ అక్కడున్న స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక కాలు పైకి పెట్టారట. ఇంక వివరణ అక్కర్లేదని వాళ్లే బతిమాలి పంపించారు.

ఆ మోకును మా సాక్సులు తీయించి హీటరు గొట్టానికి తగిలించారు. ఆ వాసన సంగతి చెప్పి తీరాలి. హీటరు ఆన్ అయినప్పుడల్లా దాంట్లోంచి యాభై ఏళ్ల తెల్లవారుజాములు వెచ్చబడి బయటికొచ్చేవి. పులిసిన కల్లు, చెమట, తాటి మట్టల పీచు, చుట్ట పొగ. మాది రాజమండ్రి. కొబ్బరిచెట్ల నీడలో పెరిగిన ముక్కు నాది, మొదటి వారం తట్టుకోలేకపోయాను. రెండో వారానికి ఆ వాసన రాకపోతే నిద్ర పట్టేది కాదు. ఆయన నాలుగున్నరకే లేచి, తలకు రుమాలు చుట్టి, మోకును ఒకసారి చేత్తో దువ్వి, కిటికీ కింద స్టూలు వేసుకుని కూర్చునేవారు. నలభై అడుగుల ఎత్తు నుంచి ఊరిని చూస్తూ బతికిన మనిషిని మేం నేలకు నాలుగడుగుల కింద కూర్చోబెట్టాం. ఆయనకు వీధిలో వాళ్లందరూ బూట్లతోనే పరిచయం. "ఎర్ర దారాలాయన ఇయ్యాల రాలే, జొరమొచ్చిందేమో," అనేవారు. పైనుంచి చూసే రోజుల్లో జనాన్ని తలపాగాలతో గుర్తుపట్టేవాడినని చెప్పేవారు. మధ్యలో ఉండే మొహాల మీద ఆయనకు మొదటి నుంచీ పెద్ద నమ్మకం లేదు.

రోజూ సాయంత్రం అన్నం ముందు తండ్రీకొడుకుల మధ్య ఒకే సంభాషణ నడిచేది. నాకది కంఠతా వచ్చేసింది.

"ఉగాది ఎల్లంగనే పోత."

"పోయి ఏం జేస్తవ్ నాయినా?"

"ఏం జేస్త? ఎక్కుత."

"పడితే?"

"పడితే దిగుడు జల్దీ అయితది."

దాంతో యాదగిరి కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన నా వైపు తిరిగి, "రాజమండ్రీ, వాని చారు గూడ నువ్వే తాగు," అనేవారు. నా అసలు పేరు ఆయనకు తెలుసో లేదో చివరిదాకా నాకు అనుమానమే. రాను రాను ఆ నాలుగు మాటలు కూడా తగ్గిపోయాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ఆయన రోజుకు ఒక ముద్ద, ఒక మాట చొప్పున బతకడం మొదలుపెట్టారు. ఉగాదికి ఎన్ని రోజులుందో గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నారు.

మార్చి నెలలో యాదగిరి ఆఫీసులో ఎవరో చెప్పారు, కిచెనర్‌కు అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్లో మేపుల్ సిరప్ పండుగ జరుగుతుందని. మంచు కరిగే రోజుల్లో చేస్తారట, జనం ఎక్కడెక్కడి నుంచో బస్సులు కట్టించుకుని వస్తారట. "నాయినకు జనం కనవడితే పాణం లేస్తదేమో," అన్నాడు. మాకొక కారుండేది. దాని ఎడమ తలుపు బయట నుంచీ, కుడి తలుపు లోపల నుంచీ మాత్రమే తెరుచుకునేవి, కాబట్టి ఎక్కడానికి ముందు ఒక సమావేశం జరపాల్సొచ్చేది. మొత్తానికి వెళ్లాం.

ఆ ఊరి ప్రధాన వీధిలో ఆ రోజు భూమ్మీది జనాభాలో సగం ఉంది. మిగిలిన సగం పార్కింగ్ కోసం తిరుగుతోంది. పెనం మీద రొట్టెలు బండి చక్రాలంత వెడల్పున కాలుస్తున్నారు. వాటి మీద నల్లటి పాకాన్ని కూజాలతో వంపుతున్నారు. ఒకామె నా పళ్లెంలో పోసిన పాకం మా మేనత్త కూతురి పెళ్లిలో వాడిన బెల్లం కన్నా ఎక్కువ ఉంటుంది. నేను మూడు రొట్టెలు తిని, నాలుగో దాని దగ్గర జీవితం గురించి ఆలోచనలో పడ్డాను. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మెనొనైట్లని ఒక భక్త సమాజం ఉంది. వాళ్లలో పాతకాలపు పద్ధతివాళ్లు కారూ కరెంటూ వద్దనుకుని నల్ల టోపీలు పెట్టుకుని గుర్రపు బళ్ల మీద తిరుగుతారు. వాళ్ల గుర్రాలు కూడా ఎంత నెమ్మదస్తులంటే, సకిలించే ముందు అటూ ఇటూ చూసుకుంటాయి. నర్సయ్య గారు ఇవేవీ పట్టించుకోలేదు. మేం కప్పిన మూడు కోట్ల లోపల ఎక్కడో ఉన్నారు. మోకున్న గుడ్డ సంచీ ఒళ్లో పెట్టుకుని, గడ్డి పరిచిన బండిలో మా పక్కన కూర్చుని, ట్రాక్టరు ఎటు లాగితే అటు ఊగుతూ వచ్చారు.

బండి అడవి అంచున ఆగింది. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు రెండు. అందులో ఇది మొదటిది. ఒక్క ఆకు లేని చెట్లు కనుచూపు మేర నిలబడి ఉన్నాయి. మోకాలి లోతు మంచు మీద వాటి నీడలు నీలంగా పడ్డాయి. ప్రతి చెట్టుకూ నడుము ఎత్తున ఒక బకెట్టు వేలాడుతోంది. కొన్నిటికి రెండు, బాగా లావు వాటికి మూడు. దూరంగా ఒక చెక్కల పాక, దాని కప్పు చీలికలోంచి తెల్లటి ఆవిరి ఆకాశానికి స్తంభంలా లేచి, మా దగ్గర బెల్లం వండేటప్పుడు వచ్చే వాసననే కట్టెల పొగతో కలిపి పంపుతోంది. ట్రాక్టరు ఇంజను ఆపారు. అప్పుడు వినిపించింది. టప్. టప్. టప్. ఒక చెట్టు కాదు, వంద కాదు, అడవంతా ఒకేసారి తన బకెట్లలోకి చుక్క చుక్కగా కారుతోంది. అంత పెద్ద నిశ్శబ్దంలో అంత చిన్న చప్పుడు అన్ని వేల చోట్ల నుంచి వస్తుంటే, చెట్లు మాకు తెలియని దేన్నో లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించింది.

"లొట్లు," అన్నారు నర్సయ్య గారు. కల్లు పట్టడానికి చెట్టుకు కట్టే కుండల పేరది. మూడు కోట్లలోంచి ఆ గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే పాక దగ్గర కట్టేసిన గుర్రం తిరిగి చూసింది. "యాదీ! లొట్లు రా! చెట్లకు లొట్లు గట్టిండ్రు రా! గీశిందెవలు?"

బండి దిగడానికి మెట్టు వేసేలోపే దూకారు. తుంటిలో రాడ్డుందన్న సంగతి రాడ్డుకు కూడా గుర్తు లేదు. మొదటి చెట్టు దగ్గరికి పోయి బకెట్టు మూత ఎత్తి చూశారు. చెట్టును కింది నుంచి పైదాకా చూశారు. మళ్లీ బకెట్టును చూశారు. "ఎక్కుడు లేదా? నేల మీద నిలవడే గీసుడా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన నమ్మలేక ఇంకో పది చెట్ల దగ్గరికి పోయి చూసొచ్చారు. అన్నీ నడుము ఎత్తునే. ఇక నిలబడలేక మంచులో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు విని యాదగిరి ఏం చేయాలో తెలియక నా భుజం మీద గట్టిగా కొట్టాడు.

ఆ తోట ఆమోస్ అనే పెద్దాయనది. నల్ల టోపీ, నున్నగా గీసిన గడ్డం, పారల్లాంటి చేతులు. వయసు కూడా నర్సయ్య గారిదే. చూడ్డానికి వచ్చిన వాళ్లకు చెట్టు ఎలా తొలుస్తారో చూపిస్తున్నాడు. వడ్రంగి బరమా లాంటిది చేత్తో తిప్పి, రెండు అంగుళాల లోతున, కాస్త పైకి వాలుగా బెజ్జం చేసి, ఇనుప గొట్టం దిగ్గొట్టి, బకెట్టు తగిలిస్తాడు. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. నర్సయ్య గారు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకు పోయి, ఆమోస్ కొత్త చెట్టు మీద బరమా పెట్టబోతుంటే, "ఆగాగు!" అని చెయ్యి అడ్డం పెట్టారు. బెరడు మీద మంచు తుడిచి నిరుటి గాటు మచ్చ చూపించారు. దానికి బెత్తెడు పక్కకు కొలిచి, అక్కడ వేలు పెట్టారు. ఆమోస్ ఆయన్నీ ఆ వేలునీ చూశాడు. ఏమీ మాట్లాడకుండా తన బెత్తెడు వేసి కొలిచాడు. అదే చోటికి వచ్చింది. పాత గాయం పక్కనే మళ్లీ గీస్తే చెట్టు ఎండిపోతుందని ఇద్దరికీ తెలుసు, దాన్ని చెప్పడానికి ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఆమోస్ టోపీ తీశాడు. నర్సయ్య గారు రుమాలు సవరించుకున్నారు. నేను ఐక్యరాజ్యసమితిలో కూడా ఇంతకన్నా మంచి సమావేశం చూడలేదు. అక్కడికి నేను వెళ్లలేదనుకోండి.

గొట్టం కింద అరచెయ్యి పెట్టి ఆ నీళ్లు నోట్లో పోసుకుని నాలుక మీద తిప్పి చూశారు. "తీపున్నది గని, దాసుకున్నది," అన్నారు చివరకు. వచ్చేటప్పుడు ఆమోస్ ఒక పాల క్యానులో ఆ రసం నింపి ఇచ్చాడు. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి రాయాలి. చెట్టులోంచి కారిన తియ్యటి నీళ్లను ఎండలో పెడితే ఏమవుతుందో రాజమండ్రి వాడికి ఒకరు చెప్పాలా? క్యానును హీటరు పక్కన పెట్టాను. "ఇది పులవది రాజమండ్రీ, దీని జాతి వేరు," అని నర్సయ్య గారు చెబుతూనే ఉన్నారు. యాదగిరి మాత్రం ఆశగా రోజూ మూత తీసి చూసేవాడు, తండ్రికి ఒక్క గ్లాసు కల్లు దొరికితే ఉగాది ప్రయాణం మరిచిపోతాడని. మూడో రోజు అది తెల్లబడింది. మేమిద్దరం మొహాలు చూసుకుని మురిసిపోయాం. నాలుగో రోజు గ్లాసులోకి వంపితే అది పడలేదు. కలబంద గుజ్జులా క్యానుకూ గ్లాసుకూ మధ్య వంతెన కట్టింది. నేను ధైర్యం చేసి తాగాను. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంటి బాత్‌రూమ్ మీద ఇంకెవరికీ హక్కు లేకపోయింది. నర్సయ్య గారు తలుపు అవతల నిలబడి, "ఎట్లున్నది కల్లు? ఇంకో లొట్టి దించమంటవా?" అని పరామర్శించేవారు. ఆ వారమంతా ఆయన కడుపు నిండా తిన్నారు.

తర్వాతి శనివారం క్యాను తిరిగి ఇవ్వడానికి వెళ్లాం. నర్సయ్య గారు దారి పొడుగునా మోకు సంచీ తడుముకుంటూ ఉన్నారు. ఆమోస్ పాక బయట మంట దగ్గర ఉన్నాడు. మీ చెట్లు ఎంత ఎత్తు ఉంటాయని సైగ చేసి అడిగాడు. నర్సయ్య గారు తన ముందున్న మేపుల్ చెట్టు కొన చూపించి, దాని పైన ఇంకో బారెడు ఆకాశం చూపించారు. ఆమోస్ నవ్వాడు. ఇరవై ఏళ్లలో నేను చెప్పిన మాటలకు వేల మంది అలా నవ్వారు కాబట్టి ఆ నవ్వు అర్థం నాకు బాగా తెలుసు. దానిలో సగం తీసేసుకుంటున్నానని అర్థం.

నర్సయ్య గారు సంచీ విప్పారు.

యాదగిరి అప్పటికి కాఫీలు తేవడానికి పోయాడు. ఆయన ఇరవై చెట్లను దాటి, తన మోకు చుట్టు వచ్చేంత సన్నటి చెట్టును ఎంచుకున్నారు. మూడు కోట్లూ విప్పి నా చేతిలో పెట్టారు. బూట్లు విప్పి మంచులో వట్టి కాళ్లతో నిలబడ్డారు. చెట్టుకు దండం పెట్టుకుని మోకు చుట్టారు. "బాబాయి గారూ, వద్దండీ, యాదగిరి నన్ను చంపేస్తాడు," అన్నాను. "చంపితే నేలమీదనే కద," అన్నారు. ఎక్కడం మొదలుపెట్టారు. అది ఎక్కడం కాదు. మోకు పైకి విసరడం, వెనక్కి వాలడం, పాదాలు రెండూ చెట్టును పట్టుకోవడం. ఆ మూడూ ఒకే ఊపిరిలో జరిగాయి. గదిలో స్టూలు మీంచి దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి ఆయనేనా అని చూస్తుండగానే నా తల దాటారు. తోట చూడ్డానికి వచ్చిన జనం మూగారు. ఆమోస్ టోపీ మంచులో పడింది. అంతలో వెనక నుంచి "నాయినా!" అని కేక వినిపించింది, కాఫీ కప్పులు కింద పడ్డాయి. యాదగిరి చెట్టు మొదలు దగ్గర మోకాళ్ల మీద పడి, "దిగు నాయినా, నీ కాళ్లు మొక్కుత, దిగు," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన పైన ఆగి ఉన్నారు. తర్వాత మెల్లగా దిగారు.

యాదగిరి మొహం చేతుల్లో దాచుకుని అక్కడే కూర్చున్నాడు, కాబట్టి మోకు ముడి విప్పడానికి నేను దగ్గరికి పోయాను. అప్పుడు చెప్పారు నా చెవిలో ఆ మాట. చెప్పి, "యాదికి చెప్పకు," అన్నారు. చేతిలో ఉన్న మోకును చుట్టలు చుట్టి, పాక దగ్గరికి నడిచి, ఆమోస్ చేతిలో పెట్టారు. యాదగిరి తలెత్తి, "నాయినా, అదేంది?" అన్నాడు. "మా నాయిన పోతపోత నాకిచ్చిండు. చెట్టు పని చేసేటోని చేతులనే ఉండాలె ఇది. నీకిస్తే ఏం జేస్తవ్? కంప్యూటర్ కు చుడ్తవా?" అన్నారు ఆయన. ఆమోస్‌కు తెలుగు రాదు. అయినా రెండు చేతులా తీసుకున్నాడు. లోపలికి పోయి గోడ మీద తన తండ్రి కాలం నాటి బరమా పక్కన దాన్ని తగిలించాడు. గొట్టాల బుట్టలోంచి బాగా వాడి నునుపెక్కిన పాతదాన్ని ఏరి, తుడిచి, నర్సయ్య గారి అరచేతిలో పెట్టాడు. ఆ ఏడాది ఉగాది పచ్చడి ఆమోస్ ఇచ్చిన పాకంతోనే చేసుకున్నాం. గోడ మీది గీతలు పూర్తయ్యాయి. నర్సయ్య గారు అన్న ప్రకారం వెళ్లిపోయారు, మోకు లేని పెట్టెతో.

ఈ ఏడు ఆ పండుగకు నేనూ యాదగిరీ మేఘనా కలిసి వెళ్లాం. అడవి అలాగే ఉంది, బకెట్లు మాత్రం చూడ్డానికి వచ్చే వాళ్ల కోసం ముందు వరసలోనే ఉంచారు. వెనకాల చెట్టు నుంచి చెట్టుకు నీలం ప్లాస్టిక్ గొట్టాలు లాగారు, రసం తనంతట తాను పాకలోకి వచ్చి పడుతుంది. టప్ టప్ చప్పుడు లేదు. నాకు దిగులేసింది కానీ ఎవరిని తప్పు పట్టను? నేనిప్పుడు ఇరవై రెండో అంతస్తులో ఉంటాను. ఏ తాటిచెట్టూ అంత ఎత్తు పెరగదు. రోజూ లిఫ్టులో అంత పైకి పోయి, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తున్నా తెర వేసుకుని ఫోను చూసుకుంటాను. ఎక్కడానికి నేను చేసే కష్టం బొటనవేలితో ఒక నొక్కు.

పాకలో ఆమోస్ కూతురు రూత్ ఉంది. ఆమోస్ పోయి కొన్నేళ్లయింది. గోడ మీద బరమా పక్కన మోకు ఉంది. పొగకు నల్లబడింది. దాని కింద నిలబడి రూత్ వచ్చిన వాళ్లకు చెబుతోంది. "ఇండియా నుంచి వచ్చిన ఒకాయన ఈ తాడుతో ఆ చెట్టు కొనదాకా ఎక్కాడు. మాకు కింది నుంచి ఆయన పాదాలు తప్ప ఏమీ కనిపించలేదని మా నాన్న చెప్పేవాడు. పైనుంచి ఆయన మూడు ఊళ్ల అవతలి సరస్సు చూసి దిగొచ్చాడట." నా జీవితంలో మొదటిసారి ఇంకొకరి కోతలు విని ఈర్ష్య పుట్టింది.

యాదగిరి మోకు కింద నిలబడి చాలాసేపు చూశాడు. "నేను చెట్టు మొదట్ల మొకం దాసుకున్న. చూడలే. నిజంగ ఎంత ఎక్కిండు రా?" అని అడిగాడు.

"రెండు నిలువులు," అన్నాను. "అంతే. రెండు నిలువులు."

మేఘన నా వైపు వింతగా చూసింది. నేను సగం పెంచకుండా చెప్పిన మాట ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. ఇక ఆపుకోలేక ఇంకోటి కూడా చెప్పేశాను. చెప్పొద్దన్న పెద్దాయన, దాని వల్ల కొడుకు ఇన్నేళ్లు ఇలా కుములుతాడని తెలిస్తే తనే చెప్పేవారని ధైర్యం చేశాను. "ఆయన నీకోసం దిగలేదురా. నువ్వు కేకేసే ముందే ఆగిపోయారు. ముడి విప్పుతుంటే నా చెవిలో చెప్పారు. 'ఇయ్యాల నన్ను కాళ్లు మొయ్యలే రాజమండ్రీ. మోకు మోసింది. ఇగ చాలు.' అని. 'వాడు ఏడ్సిండని దిగిన్ననుకోనీ. వానికి మంచిగుంటది,' అన్నారు."

యాదగిరి మళ్లీ మోకు వైపు తిరిగాడు. ఆవిరి పాక కప్పులోంచి పైకి పోతూనే ఉంది. కాసేపటికి వాడి భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "దొంగ ముసలోడు," అన్నాడు. "నాకు మంచిగుంటదని చెప్పి ఇరవై ఏండ్లు ఏడిపిచ్చిండు." మోకు కొస పట్టుకుని మొహానికి ఆనించుకుని వాసన చూశాడు. "కల్లు వాసన పోయింది రా. పాకం వాసనొస్తున్నది." రూత్ దగ్గరికొచ్చింది. వీడు ఆయన కొడుకని నేను చెబితే, ఆయన ఇంకా చెట్లెక్కుతున్నారా అని అడిగింది. యాదగిరి మొహం తుడుచుకున్నాడు. "లేదమ్మా," అన్నాడు ఇంగ్లీషులో, ఎంతో గర్వంగా. "మంచం మీద, నిద్రలో పోయాడు. మా ఇంట్లో నేల మీద పోయిన మొదటి మగవాడు మా నాన్న." రుమాలు విప్పి ఇనుప గొట్టాన్ని తీసి, మోకు పక్కన కొయ్యకు తగిలించాడు.

ఇంటికొచ్చాక మేఘన ఫ్రిజ్ మీది జాబితా చివర ఇంకో వరస రాసి, పక్కన గడి గీసి, పెన్ను నాకిచ్చింది. "హౌ మచ్ డు ఐ సబ్‌ట్రాక్ట్ ఫ్రమ్ దిస్ వన్, డాడ్?" అని అడిగింది.

"ఎయిర్‌పోర్ట్‌లో ఒక కుక్కను తీసెయ్యి," అన్నాను. "చెట్టు జోలికి పోకు."